తియ్యనీళ్ళలో కొలిచిన మంట

ఒక గ్రెయిన్ మిరప పొడి. ఇప్పటి లెక్కలో 65 మిల్లీగ్రాములు, రెండు వేళ్ళతో తీసే చిటికెలో కూడా చిన్న వంతు. దాన్ని 100 ఘనపు సెంటీమీటర్ల ఆల్కహాల్లో వేసి రాత్రంతా నానబెట్టారు. తెల్లవారాక వడకట్టి, ఆ సారాన్ని చక్కెర కలిపిన నీళ్ళలో పలచబరుస్తూ పోయారు. నాలుక మీద చుక్క వేసుకోవడం, మంట తెలిస్తే మరిన్ని నీళ్ళు పోయడం, మళ్ళీ నాలుక మీద వేసుకోవడం. చురుకు ఉందా లేదా అన్నంత సన్నబడిన చోట ఆగి, ఎన్ని పాళ్ళ నీళ్ళు పట్టాయో రాసుకున్నారు. 1912లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో, పార్క్-డేవిస్ అనే మందుల కంపెనీలో పనిచేస్తున్న విల్బర్ స్కోవిల్ మిరపకాయల ఘాటును కొలిచిన పద్ధతి ఇది.

వంటతో ఆయనకు సంబంధం లేదు. ఆయన ఫార్మసిస్టు; 1895లో ‘ది ఆర్ట్ ఆఫ్ కాంపౌండింగ్’ అనే పుస్తకం రాసింది మందులు కలిపేవాళ్ళ కోసం. ఆ రోజుల్లో మిరప సారాన్ని జీర్ణానికి ఇచ్చే మందుల్లోనూ, కీళ్ళ నొప్పులకు రాసే తైలాల్లోనూ వాడేవారు. ఒక దేశం నుంచి వచ్చిన కాయకీ, ఇంకో దేశం నుంచి వచ్చిన కాయకీ ఘాటులో పొంతన ఉండేది కాదు. ఒక విడత తైలం పనిచేయదు, ఇంకో విడతది ఒళ్ళు కాలుస్తుంది. అప్పటి రసాయన పరీక్షలకు అందనంత తక్కువ పాళ్ళలో ఉన్న ఘాటును కూడా నాలుక పట్టేస్తుందని గమనించి, స్కోవిల్ నాలుకనే త్రాసు చేశాడు. ఆయన పరీక్షించిన వాటిలో జపాన్ మిరపకాయలు 20,000 నుంచి 30,000 దాకా తూగాయి. జాంజిబార్ కాయలు 40,000 దాటాయి. మొంబాసావి 50,000 నుంచి లక్ష దాకా వెళ్ళాయి.

30,000 అంటే ఎంతో ఇంట్లో ఉండే కొలతల్లో చెప్పుకుంటే బాగా తెలుస్తుంది. 5 గ్రాముల కారప్పొడిలోని సత్తువంతా 150 లీటర్ల తియ్యనీళ్ళలో కలిపితే గానీ నాలుక దాన్ని మరిచిపోదు. చెంచాడు కారానికి పెద్ద డ్రమ్ముడు నీళ్ళన్నమాట.

ఇందులో చిక్కు కూడా నాలుకతోనే. నాలుగు చుక్కలు చూశాక అది మొద్దుబారుతుంది. ఒకరికి మండింది ఇంకొకరికి మండదు. అందుకే 1980ల నుంచి సుగంధ ద్రవ్యాల వర్తకం యంత్రాల వైపు మళ్ళింది. హెచ్‌పీఎల్‌సీ అనే పరికరం కాయలోని ఘాటు పదార్థాన్ని విడదీసి, పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళుందో చెబుతుంది. ఆ సంఖ్యను సుమారు 16తో హెచ్చవేసి స్కోవిల్ అంకెలోకి మారుస్తారు. తియ్యనీళ్ళు పోయాయి, నాలుకా పోయింది, స్కోవిల్ పేరు మాత్రం నిలిచింది. ఈనాడు కారం సాసు ఘాటు గురించి చెప్పే మాట ఎక్కువగా ఆయన పేరుతోనే ఉంటుంది.

మందుల కంపెనీలో పుట్టిన ఆ కొలబద్ద వంటింట్లోకి వచ్చాక ఒక అన్యాయం జరిగింది. సాసుల్ని మంట ఒక్కదాన్ని బట్టే వరుసగా నిలబెట్టడం అలవాటైంది. కానీ తరాల తరబడి జనం విడవకుండా వాడుతున్న సాసుల్లో చాలావరకు ఆ నిచ్చెనలో అడుగు మెట్ల మీదే ఉన్నాయి. వాటిని నిలబెట్టినవి ఉప్పు, పులుపు, ఊరడానికి పట్టే కాలం. ఆ కథ స్కోవిల్ కంటే సుమారు అర్ధ శతాబ్దం ముందే, అమెరికా దక్షిణాన ఒక ఉప్పు గుట్ట మీద మొదలైంది.

లూసియానా రాష్ట్రపు బురద నేలల్లో ఏవరీ ఐలండ్ అనే చోటుంది. పేరుకు దీవి, నిజానికి చుట్టూ చిత్తడి, మధ్యలో మిట్ట. ఆ మిట్ట కింద ఉన్నది రాతి ఉప్పు. అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా 1862లో అక్కడ గట్టి ఉప్పు బయటపడింది. ఉప్పు లేనిదే సైన్యానికి మాంసం నిలవ ఉండదు కాబట్టి దక్షిణాది పక్షం దాన్ని తవ్వించుకుంది. మరుసటి ఏడాదే ఉత్తరాది సైన్యం వచ్చి ఆ గనిని పట్టుకుంది. అప్పటిదాకా ఆ మిట్ట మీద చెరకు తోటలను పెంచింది బానిసలు, ఉప్పు తవ్వించిందీ బానిసల చేతనే. ఆ సంగతి చెప్పకుండా ఏవరీ ఐలండ్ కథ చెబితే సగమే చెప్పినట్టు.

ఆ మిట్ట సొంతదారుల ఇంటి అల్లుడు ఎడ్మండ్ మెకిల్హెనీ. పుట్టింది మేరీల్యాండ్, వృత్తి న్యూ ఆర్లియన్స్ నగరంలో బ్యాంకు వ్యాపారం. యుద్ధంలో అంతా పోగొట్టుకుని అత్తవారింటి పంచన చేరాడు. ఆ పెరట్లో పండే చిన్న ఎర్రటి మిరపకాయలతో సాసు చేసి, 1868లో అమ్మకానికని పంట వేశాడు. మరుసటి ఏడాది 658 సీసాలు దుకాణాలకు పంపాడు, సీసా ఒక డాలరు. 1870లో పేటెంటు పుచ్చుకున్నాడు. పేరు మెక్సికోలోని ఒక రాష్ట్రానిది: టబాస్కో.

ఆ తొలి సీసాలు అత్తరు సీసాల్లా సన్నగా, పొడుగ్గా ఉండేవి. మూతి దగ్గర చుక్క చుక్కగా మాత్రమే రాలేలా బిగింపు. ఆ మూతిని చూస్తేనే సాసు తత్వం తెలిసిపోతుంది. దీన్ని పోసుకోరు, చిలకరించుకుంటారు. నత్తగుల్లల మీద, గుడ్ల మీద, పులుసుల మీద రెండు చుక్కలు చాలు.

తయారీ మాత్రం తొందరపడనిది. తోటలో కాయ కోసేవాళ్ళ చేతిలో ఎర్ర రంగు వేసిన చిన్న పుల్ల ఉంటుంది, ఫ్రెంచిలో దాని పేరు ‘ల పెతీ బాతోఁ రూజ్’. కాయ ఎరుపు ఆ పుల్ల ఎరుపుతో కలిస్తేనే కోస్తారు. కోసిన రోజే నూరి, ఉప్పు కలిపి, ఆ ముద్దను తెల్ల ఓక్ చెక్క పీపాల్లో నింపుతారు. చాలావరకు అవి అంతకుముందు బోర్బన్ విస్కీ నిలవచేసిన పీపాలే. మూతకు చిన్న చిన్న బెజ్జాలు పెట్టి, దాని మీద మందంగా ఉప్పు పరుస్తారు. లోపల ముద్ద పొంగి, గాలి బుడగలు పైకి తన్నుతూ ఆ ఉప్పులోంచి బయటికి పోతాయి. కొంతకాలానికి పొంగు చల్లారుతుంది, ఉప్పు గడ్డకట్టి రాయిలా మూసుకుంటుంది. బయటి గాలి ఇక లోపలికి పోదు. అలా మూడేళ్ళ దాకా ఉంచేస్తారు. ఆ తర్వాత పీపా విప్పి, ముద్ద రంగూ వాసనా చూసి, వెనిగర్ పోసి దాదాపు నెల రోజులు కలుపుతూ ఉంచి, తొక్కులూ గింజలూ వడకట్టి సీసాలకు ఎత్తుతారు. కాయ, ఉప్పు, వెనిగర్. నాలుగో వస్తువు లేదు.

ఇప్పుడు అంకెలు చూడాలి. ఆ కాయ పచ్చిగా ఉన్నప్పుడు 30,000 నుంచి 50,000 స్కోవిల్. మన గుంటూరు సన్నం కూడా దాదాపు ఆ కోవలోదే. సాసు అయ్యేసరికి అది 2,500 నుంచి 5,000కి దిగుతుంది. పదో వంతే మిగిలింది. తగ్గిన చోటంతా వెనిగర్ వచ్చి కూర్చుంది. అందుకే టబాస్కో చుక్క నాలుక మీద పడగానే ముందు తెలిసేది పులుపు; ఆ వెనకే చురుకు; అంతా అయ్యాక చెక్క పీపా ఇచ్చిన ఒక మగ్గిన వాసన గొంతు వెనక మిగులుతుంది. ఆ చివరి వాసనకు స్కోవిల్ పట్టికలో గడి లేదు.

లూసియానాలో ఆ తర్వాత ఇలాంటివి ఇంకా పుట్టాయి. వాటిలో కేయెన్ మిరపతో చేసే ఫ్రాంక్స్ రెడ్ హాట్ స్కోవిల్ లెక్కలో 450 దగ్గరే ఆగిపోతుంది; తెలుగు నాలుకకు అది కారమని కూడా అనిపించదు. కానీ 1964లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ఊళ్ళో, యాంకర్ బార్ అనే చోట టెరెసా బెలిసిమో కోడి రెక్కలు వేయించి, కారం సాసులో వెన్న కలిపి పట్టించిన తర్వాత అమెరికా తిండి అలవాటే మారిపోయింది. వెన్నతో కలిసేందుకు అంత తక్కువ మంటే సరిపోయింది. ఎక్కువైతే వెన్న రుచి చచ్చిపోయేది.

శ్రీరాచ సాసు కథ వేరు. థాయిలాండ్‌లో సముద్రపు ఒడ్డున చోన్‌బురి ప్రాంతంలో ఒక ఊరి పేరది. అక్షరాలు విడదీసి చూస్తే మనకు కొత్తేమీ కాదు, మన ‘శ్రీరాజ’యే థాయి నోట్లో అలా పలికింది. అక్కడి తనోమ్ చక్కపాక్ అనే ఆమె చేసిన సాసు ‘శ్రీరాజ పానిచ్’ పేరుతో అమ్ముడైంది. ఆ పానిచ్ కూడా మన ‘వాణిజ్యం’ మూలపు మాటే. ఆ సాసు పలచగా, పుల్లపుల్లగా, తీపి కలిసి ఉంటుంది. సముద్రపు చేపలకు, గుడ్డట్లకు అద్దుకునేందుకు చేసింది.

ప్రపంచానికి తెలిసిన శ్రీరాచ మాత్రం ఒక శరణార్థి చేతి పని. డేవిడ్ ట్రాన్ వియత్నాంలో పుట్టిన చైనా సంతతివాడు. అక్కడ ఉండగానే కుటుంబమంతా కలిసి మిరప సాసు చేసి, అమెరికా సైనికులు పారేసిన పసిపిల్లల ఆహారపు గాజు సీసాలు కడిగి వాటిలో నింపి అమ్మేవారు. 1978 చివర్లో మూడు వేలకు పైగా మనుషులతో కిక్కిరిసి హాంగ్‌కాంగ్ వైపు బయల్దేరిన హుయ్ ఫాంగ్ అనే ఓడలో అతను దేశం విడిచాడు. 1980లో లాస్ ఏంజెలెస్ చేరి, అక్కడ తన నాలుకకు నచ్చే కారం దొరకక, చైనాటౌన్‌లో చిన్న చోటు తీసుకుని సాసు మొదలుపెట్టాడు. కంపెనీకి తనను ఒడ్డు చేర్చిన ఓడ పేరు పెట్టుకున్నాడు. సీసా మీద కోడిపుంజు, చైనా పంచాంగంలో అతను పుట్టిన ఏడాది గుర్తు.

కాయ ఎంపికలో అతని తెలివి కనిపిస్తుంది. అమెరికాలో హాలపీన్యో మిరపను పచ్చిగా ఉండగానే కోసి అమ్మేవారు. ట్రాన్ దాన్ని ఎర్రగా పండేదాకా చెట్టునే ఉంచమన్నాడు. పండిన హాలపీన్యోకు కండ ఎక్కువ, తీపి ఉంటుంది, మంట 2,500 నుంచి 8,000 మధ్య. కోసిన రోజే కాయల్ని నూరి, వెల్లుల్లి, పంచదార, ఉప్పు, వెనిగర్ చేర్చితే ముద్దలాంటి చిక్కటి సాసు వచ్చింది. మంట టబాస్కో కంటే తక్కువ, 1,000 నుంచి 2,500. పైన వెల్లుల్లి వాసన, లోపల పండు తీపి. సీసా నొక్కితే ధారగా వస్తుంది, అంటే ఇది చిలకరించుకునేది కాదు, కలుపుకునేది. టబాస్కో సీసా మూతికీ, శ్రీరాచ ఆకుపచ్చ మూతికీ ఉన్న తేడాలోనే రెండు తిండి పద్ధతులున్నాయి.

కాయ నూరే రోజుల్లో కోరు ఎలా ఉంటుందో ఎండుమిరపకాయలు వేయించిన ఏ తెలుగింటికైనా తెలుసు. 2013లో ఆ సాసు కర్మాగారం ఉన్న ఇర్విండేల్ పట్టణంలో కళ్ళు మండుతున్నాయని, గొంతు పట్టేస్తోందని జనం ఫిర్యాదు చేశారు. నగర పాలకులు కోర్టుకెక్కారు; మరుసటి ఏడాది దావా వెనక్కి తీసుకున్నారు. అంతకంటే పెద్ద దెబ్బ పొలం వైపు నుంచి తగిలింది. 1988 నుంచి కాయలు పండించి ఇస్తున్న అండర్‌వుడ్ రాంచెస్‌తో 2016లో బంధం తెగింది. ఆ తగాదాలో 2019లో జ్యూరీ రైతు పక్షాన 2.33 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కాయలు తెప్పించుకుంటున్న మెక్సికోలో కరువు వచ్చి, 2022లో అమెరికా దుకాణాల్లో ఆ సీసా కనబడకుండా పోయింది. సాసుకు సూత్రం ఎవరైనా రాసుకోవచ్చు. ఆ ఎరుపు, ఆ కండ, ఆ తీపి ఉన్న కాయను ఏటా అదే నాణ్యతతో పండించే చెయ్యి లేకపోతే సీసా ఖాళీయే. మిరప పండించే ప్రాంతాలవాళ్ళకు ఇది ఇంకొకరు చెప్పనక్కరలేదు.

ఇక వెనిగర్ పోయని కారాలున్నాయి. ట్యునీసియాలో హరీసా అనే ముద్ద చేస్తారు. ఆ మాటకు అరబిక్‌లో దంచడం, నూరడం అనే మూలం. ఎండుమిరపకాయల్ని నానబెట్టి, వెల్లుల్లి, ధనియాలు, సీమ సోపు చేర్చి నూరి, పైన ఆలివ్ నూనె పోసి నిలవ ఉంచుతారు. రోట్లో పచ్చడి నూరడం తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు, నూనె ఒక్కటే మారింది. 2022లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ పట్టికలో చేర్చింది. కొరియాలో గోచుజాంగ్ చేయడానికి మిరప పొడిని జిగురు బియ్యంతోనూ, పులియబెట్టిన సోయా ఉండల పొడితోనూ కలిపి మట్టి జాడీల్లో నెలల తరబడి ఎండ తగిలే చోట పెడతారు. అందులో మంట చివరన వస్తుంది. ముందు తీపి, ఆ వెనక మాంసం పులుసులో ఉండేలాంటి లోతైన రుచి. కరీబియన్ తీరాన బెలీజ్ దేశంలో హబనేరో మిరపను క్యారెట్లతో కలిపి సాసు చేస్తారు. లక్ష నుంచి మూడున్నర లక్షల దాకా తూగే కాయ అది. క్యారెట్ తీపి దాన్ని నోట్లో పెట్టుకోనిస్తుంది, హబనేరోలో ఉండే పండు వాసన అప్పుడే బయటపడుతుంది.

ఇన్ని దేశాల వంటిళ్ళకు ఈ కాయ చేరి అయిదు వందల ఏళ్ళే అయింది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. మెక్సికో ప్రాంతపు జనం దాన్ని వేల ఏళ్ళ కిందటే మచ్చిక చేశారు. 1492 తర్వాత స్పెయిన్, పోర్చుగల్ ఓడలెక్కి అది లోకమంతా తిరిగింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ద్వారా మన పడమటి తీరానికి వచ్చింది. అంతకుముందు తెలుగు వంటకు కారమంటే మిరియాలు, పిప్పళ్ళే. కొత్త కాయకు పేరు పెట్టినప్పుడు కూడా మన నోరు పాత మిరియాన్ని మరిచిపోలేదు.

మంట ఎందుకు పుడుతుందన్న సంగతి తేలడానికి మరింత కాలం పట్టింది. 1816లో బుకోల్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కాయ నుంచి ఆ ఘాటు పదార్థాన్ని మలినాలతో సహా వేరుచేశాడు. 1876లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ థ్రెష్ దానికి క్యాప్సైసిన్ అని పేరు పెట్టాడు. అది మన నరాల్లో ఏ తలుపు తడుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలినప్పుడు తెరుచుకునే గ్రాహకమది. క్యాప్సైసిన్ దాన్ని వేడి లేకుండానే తెరుస్తుంది. కారం తిని ‘కాలుతోంది’ అనడం కవిత్వమేమీ కాదు, మెదడుకు అందిన వార్త అక్షరాలా అదే. పక్షుల్లో ఆ గ్రాహకానికి క్యాప్సైసిన్ అంటదు. చిలక పండుమిర్చిని జామపండులా కొరుక్కు తింటుందంటే కారణం ఇదే. అడవి మిరప గింజల్ని ఊరూరా జల్లింది కూడా పక్షులే.

క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఆవకాయ అన్నంలో నెయ్యి వేసుకోవడం, కారం ఎక్కువైతే మజ్జిగ తాగడం అనుభవం నేర్పిన రసాయన శాస్త్రం.

మంటలో కూడా రకాలున్నాయని తెలుగు భాషకు ఎప్పటి నుంచో తెలుసు. పచ్చిమిర్చి కొరికితే చురుక్కుమంటుంది. ఎండుకారం గొంతు పట్టుకుంటుంది. ఆవపిండి నషాళానికంటుంది. అల్లం ఘాటెక్కుతుంది. గొడ్డుకారం కడుపులో మండుతుంది. ఒక్క ‘కారం’ అనే మాటతో సరిపెట్టుకోలేక నోరు, గొంతు, ముక్కు, కడుపు వేటికవే మాటలు సంపాదించుకున్నాయి. అమెరికాలోని న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీలో మిరప మీద జీవితమంతా పనిచేసిన పాల్ బోస్లాండ్ కూడా ఇలాంటి విభజనే చేశాడు. మంట ఎంత అన్నది అయిదు ప్రశ్నల్లో ఒకటి మాత్రమే. ఎంత త్వరగా తగులుతుంది, ఎంతసేపు ఉంటుంది, నోట్లో ఏ చోట తగులుతుంది, సూదుల్లా గుచ్చుతుందా, కుంచెతో పూసినట్టు పరుచుకుంటుందా అన్నవి మిగిలిన నాలుగు. ఒక సాసును ఇంకో సాసుతో పోల్చాలంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఈ ప్రశ్నలు అడిగితే టబాస్కోది నాలుక కొసన తగిలి త్వరగా పోయే మంట. హబనేరోది ఆలస్యంగా మొదలై గొంతు వెనక కూర్చునే మంట. అంకె ఒకటే ఇచ్చినా రెండూ ఒకటి కావు.

అయినా అంకెల పందెం ఆగలేదు. ఆ పందేన్ని కొత్త మలుపు తిప్పింది మన ఈశాన్యమే. 2000లో అస్సాంలోని తేజ్‌పూర్ రక్షణ పరిశోధనాశాలలో శాస్త్రవేత్తలు అక్కడి నాగా జొలోకియా మిరపను పరీక్షించి 8,55,000 స్కోవిల్ అని ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అప్పటి ప్రపంచ రికార్డు 5,77,000. బయటి దేశాల్లో చాలామంది నమ్మలేదు. బోస్లాండ్ ఆ గింజలు తెప్పించి, తన పొలంలో పెంచి, పరీక్షిస్తే పది లక్షలు దాటింది: 10,01,304. 2007 నాటికి గిన్నిస్ పుస్తకంలో దాని పేరు భూత్ జొలోకియా. ఆ తర్వాత దక్షిణ కరొలైనాకు చెందిన ఎడ్ కరీ 2013లో కరొలైనా రీపర్‌తో 15 లక్షలు దాటాడు. 2023లో అతనిదే పెప్పర్ ఎక్స్ 26,93,000 దగ్గర నిలబడింది.

భూత్ జొలోకియాను తరతరాలుగా తింటున్న నాగా, అస్సామీ ఇళ్ళలో దాన్ని పందేనికి తినరు. చిన్న ముక్క, పొగబెట్టిన మాంసంతోనో, వెదురు చిగుళ్ళతోనో, చేపలతోనో. దాని మంటతో పాటు ఒక పండు వాసన ఉంటుంది, వాళ్ళకు కావలసింది అదే. సీసాల వ్యాపారంలో మాత్రం 1990ల నుంచి ఇంకో దారి తెరుచుకుంది: కాయను కూడా పక్కనపెట్టి, ద్రావకాలతో లాగిన మిరప ఓలియోరెసిన్‌ను సాసులో కలపడం. అలాంటివి లక్షల్లో తూగుతాయి. కానీ చేదుగా ఉంటాయి, నాలుకను మొద్దుబార్చి పక్కనున్న పదార్థపు రుచిని కూడా మింగేస్తాయి. తినడానికి చేసిన వస్తువు తిండిని చంపడం తప్పని చెప్పక తప్పదు.

ఆ ఓలియోరెసిన్ పీపాల్లో మన తేజ మిర్చి కూడా ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో సీజన్ నాడు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దిగుతుంటే ఆ కోరుకు కొత్తవాళ్ళు తుమ్మకుండా నాలుగడుగులు వేయలేరు. అక్కడ రెండు లెక్కలు నడుస్తాయి. తేజను ఘాటుకోసం కొంటారు. కర్ణాటక బ్యాడగిని రంగుకోసం. రంగుకు ఆస్టా అనే వేరే అంకె ఉంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిర్చి చూడటానికి టమాటాలా గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది, మంట చాలా తక్కువ. అయినా పచ్చళ్ళవాళ్ళు దాన్ని వెతుక్కుంటూ వస్తారు. గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధనా కేంద్రంలో శాస్త్రవేత్తలు వంగడం తయారుచేసేటప్పుడు కూడా దిగుబడి, తెగుళ్ళు, రంగు, ఘాటు అన్నీ చూస్తారు. రైతు కల్లంలో కాయ ఆరబెట్టి, తాలు ఏరి, నిమ్ము లేకుండా చూసుకునేది ఆ రంగు చెడకుండా. ఇంత చేసినా యార్డులో ఆ రోజు ధర ఎంత పలుకుతుందో అతని చేతిలో ఉండదు. ప్రపంచంలో కారం సాసుల వ్యాపారం ఎంత పెరిగినా, కాయ పండించినవాడికి అందులో వచ్చే వాటా పెరగలేదన్న బాధ ఆ యార్డులో నిలబడితే ఎవరికైనా కలుగుతుంది.

మరి తెలుగువాళ్ళకు సొంత కారం సాసు లేదా అంటే, కొరివికారం ఉంది. సంక్రాంతి వెళ్ళాక చెట్టున పండిన మిరపకాయలు బజారుకు వస్తాయి. వాటిని తొడిమలతోనే కడిగి, గుడ్డ మీద పరిచి, తడి పూర్తిగా ఆరాక తొడిమలు తీస్తారు. ముందే తీస్తే నీళ్ళు లోపలికి పోయి పచ్చడి బూజు పడుతుంది. కిలో కాయకు పావుకిలో ఉప్పు, పావుకిలో చింతపండు, కాస్త పసుపు. రోట్లో వేసి కచ్చాపచ్చాగా తొక్కి జాడీకెత్తి, వాసెన కట్టి మూడు రోజులు కదపకుండా ఉంచుతారు. ఏవరీ ఐలండ్ పీపాలో మూడేళ్ళు జరిగే పనిలో మొదటి మెట్టు ఇక్కడ మూడు రోజుల్లో జరుగుతుంది. పండిన కాయ, ఉప్పు, గాలి తగలని పాత్ర. అక్కడ వెనిగర్ చేసే పనిని ఇక్కడ చింతపండు చేస్తుంది. అక్కడ తొక్కూ గింజా వడకట్టి పారేస్తే, ఇక్కడ అవే పచ్చడి. అక్కడ ఓక్ చెక్క వాసన ఇస్తే, ఇక్కడ ఆ బాధ్యత మెంతిపొడిది.

మూడో నాడు వాసెన విప్పగానే పైన ఎర్రటి ఊట తేలి ఉంటుంది. వేలితో తీసి నాలుక మీద వేసుకుంటే ఉప్పు ముందు తెలుస్తుంది, పులుపు దవడల్లోకి లాగుతుంది, ఆ తర్వాత పండు తీపి, అన్నిటి వెనకా కారం మెల్లగా చెవుల దాకా పాకుతుంది. ముద్దను మళ్ళీ మెత్తగా రుబ్బి, వేయించిన మెంతిపొడి, వెల్లుల్లి రెబ్బలు కలిపి తిరిగి జాడీలో సర్దుతారు. ఏడాది పొడుగునా కావలసినప్పుడల్లా గరిటెడు తీసి, నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వేగాక దాని మీద పోస్తారు. వేసవి సెలవులకు వచ్చిన పిల్లలు తిరిగి అమెరికా బయల్దేరేటప్పుడు మాత్రం ఆ తిరగమోత ముందే పెట్టేసి, రెండు మూడు కవర్లలో బిగించి, బట్టల మధ్య నూనె కారకుండా పెట్టెలో సర్దుతారు.